తోడేలు, నక్క, గుంటనక్క, రేచుకుక్క: బయల్లో గుర్తుపట్టే పద్ధతి

తెలుగు నేల మీద సహజంగా బతికే కుక్కజాతి అడవి జంతువులు నాలుగే: తోడేలు, నక్క, గుంటనక్క, రేచుకుక్క. అయిదోదిగా ఊరకుక్క అన్నిచోట్లా వీటి మధ్యకు వచ్చి చేరుతుంది. నాలుగు జంతువుల్ని విడదీసి చెప్పడం తేలికే అనిపిస్తుంది, పుస్తకంలో బొమ్మలు పక్కపక్కనే ఉన్నంతసేపూ. బయల్లో మాత్రం జంతువు ఒక్కటే కనిపిస్తుంది, పక్కన పోల్చుకోవడానికి రెండోది ఉండదు. పొద్దు వాలుతుంటుంది, దూరం రెండు వందల మీటర్లు ఉంటుంది, చూపుకు దొరికేది కొద్ది క్షణాలు. ఆ కొద్ది క్షణాల్లో కన్ను ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలి. ఈ అధ్యాయమంతా దాని గురించే.

పేర్ల విషయం మొదట్లోనే తేల్చుకోవాలి. ఇక్కడ నక్క అంటే పొలం గట్ల మీద, చెరువు కట్టల వెంట తిరుగుతూ రాత్రిపూట గుంపుగా ఊళ వేసే మధ్యరకం జంతువు, శాస్త్రీయంగా కానిస్ ఆరియస్. గుంటనక్క అంటే బయలు నేలల్లో బొరియలు తవ్వుకుని బతికే, పెద్ద చెవులూ కుచ్చుతోకా ఉన్న చిన్న జంతువు, వల్పెస్ బెంగాలెన్సిస్. మాటల్లో రెండింటినీ నక్క అనడం మామూలే. రాతలో మాత్రం ఆ తేడా పోకూడదు. రెంటినీ కలిపి రాసిన నమోదు రెండింటిలో దేని లెక్కకూ పనికిరాదు.

ముందు చోటు, తరువాత జంతువు

జంతువును చూడకముందే సగం పని అయిపోవచ్చు. ఏ నేలలో ఏది ఉండగలదో తెలిస్తే అయిదు అవకాశాల్లో రెండో మూడో ముందే తొలగిపోతాయి. రేచుకుక్క అడవి జంతువు. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు, గోదావరి పక్క పాపికొండలు, ఆదిలాబాద్ వైపు కవ్వాల్ లాంటి చోట్ల, అంటే దుప్పులూ కణుజులూ దండిగా ఉన్న అడవుల్లో అది బతుకుతుంది. జొన్నచేల మధ్య, ఊరికి అర కిలోమీటరు దూరంలో ఎర్రటి గుంపు కనిపించిందంటే అవి ఊరకుక్కలు కావడానికే ఎక్కువ వీలుంది.

తోడేలు అందుకు విరుద్ధం. దట్టమైన అడవి దానికి నచ్చదు. గడ్డి బయళ్లు, ముళ్ల పొదలు, మెట్ట పొలాలు, రాతి గుట్టలు దాని ఇల్లు. నంద్యాల జిల్లా రోళ్లపాడు అలాంటి చోటు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డినేలలో కృష్ణజింకలతో పాటు తోడేళ్లూ గుంటనక్కలూ బతుకుతూ వచ్చాయి. గుంటనక్కకూ బయలే కావాలి. దట్టమైన అడవిలో ‘గుంటనక్కను చూశాం’ అన్నవాళ్లు మరోసారి ఆలోచించుకోవాలి.

అన్నిచోట్లా ఇమిడిపోయేది నక్క. అడవి అంచు, చెరకు తోట, చేపల చెరువుల గట్టు, చివరికి కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి కూడా దానికి చాలు. అందుకే ఏ ప్రాంతంలోనైనా అనుమానం వచ్చినప్పుడు ముందుగా నక్క అనుకుని, అది కాదనడానికి ఆధారాలు వెతకడం తెలివైన పద్ధతి. దీన్ని తలకిందులుగా చేసి, తోడేలు అనుకుని మొదలుపెట్టే వాళ్లకు ప్రతి పొద పక్కనా తోడేలే కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలు దాటితే ఈ లెక్క మారుతుంది. కచ్ ఎడారి అంచున గుంటనక్కతో పాటు ఎడారి నక్క కూడా ఉంటుంది. అక్కడ తోక కొస చూస్తే చాలు: గుంటనక్కకు నలుపు, ఎడారి నక్కకు తెలుపు. హిమాలయాల్లో ఎర్రనక్క ఉంటుంది, దాని తోక కొసా తెలుపే. దక్కనులో ఈ చిక్కు లేదు.

రంగును నమ్మకూడదు

గుర్తుపట్టడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం రంగుతోనే మొదలవుతాయి. తోడేలు బూడిదరంగు, నక్క పసుపు, రేచుకుక్క ఎరుపు అని నేర్చుకున్న కన్ను పొద్దుటి ఎండలో మోసపోతుంది. వాలిన సూర్యకాంతిలో బూడిదరంగు తోడేలు బంగారు వన్నెలో వెలుగుతుంది. ఎర్రనేలలో పొర్లిన నక్క రేచుకుక్కలా కనిపిస్తుంది. చలికాలంలో ఒత్తుగా బొచ్చు పెరిగిన నక్క ఒళ్లు నిండి తోడేలంత అనిపిస్తే, ఎండాకాలంలో బొచ్చు రాలిన తోడేలు బక్కచిక్కి ఊరకుక్కలా తేలుతుంది. గజ్జి పట్టిన జంతువైతే ఇక చెప్పక్కరలేదు. కుచ్చుతోక కాస్తా ఎలుక తోకలా మారిపోతుంది, చర్మం నల్లబడుతుంది, చూసినవాళ్లు అదేదో కొత్త జంతువని ఊరంతా చెబుతారు.

పరిమాణం కూడా ఒంటరిగా నమ్మదగ్గది కాదు. మైదానంలో పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు మనిషి కన్ను దూరాన్ని తప్పుగా అంచనా వేస్తుంది, దాంతో ఎత్తూ తప్పిపోతుంది. భయం దాన్ని ఇంకొంచెం పెంచుతుంది. అంకెలు తెలిసి ఉండటం మాత్రం అవసరం. భారతదేశపు తోడేలు భుజం దగ్గర 57 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 17 నుంచి 25 కిలోల బరువు ఉంటుంది. రేచుకుక్క ఎత్తు 42 నుంచి 55 సెంటీమీటర్లు, బరువు 10 నుంచి 20 కిలోల మధ్య. నక్క 38 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు, బరువు మామూలుగా 8, 10 కిలోలు. గుంటనక్క 2 నుంచి 4 కిలోలే, పెంపుడు పిల్లి బరువుకు అటూ ఇటూ. గొర్రెల మంద దగ్గర కనిపిస్తే కొలతకు గొర్రే ఉంది: వీపు గొర్రె వీపుకు దగ్గరగా వస్తే తోడేలు, గొర్రె పొట్ట కంటే కాస్త పైకి వచ్చి ఆగిపోతే నక్క. పొలం కంచె రాయి, జిల్లేడు పొద, పుట్ట, ఏదైనా సరే, జంతువు దాని పక్కగా పోయినప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని తరువాత టేపుతో కొలవవచ్చు. కంటి అంచనా కంటే ఈ కొలత ఎంతో మేలు.

మారనిది ఒడ్డూ పొడుగూ తీరు. కాళ్లెంత, ఒళ్లెంత, తోకెంత, తలెంత అన్న దామాషా ఎండకూ దుమ్ముకూ దూరానికీ మారదు. కాబట్టి చూపు పోవలసిన వరుస ఇది: మొదట కాళ్లు, తరువాత తోక, ఆపైన తలా చెవులూ, అన్నింటికీ చివర రంగు.

తోడేలూ నక్కా

ఈ రెంటి మధ్య తేడా పట్టుకోగలిగితే మిగతావి సులువవుతాయి. తోడేలు కాళ్లు పొడుగు. పక్కనుంచి చూసినప్పుడు పొట్ట కింద కనిపించే ఖాళీ చాలా ఎక్కువ, జంతువు నేలకు ఎత్తుగా నిలబెట్టినట్టుంటుంది. రొమ్ము ఇరుకు, లోతు. ముందుకాళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి, పాదాలు ఒంటికి పెద్దవిగా కనిపిస్తాయి. తల పెద్దది, వెడల్పు, చెంపల దగ్గర బొచ్చు నిండుగా ఉంటుంది. వీపు మీద భుజాల దగ్గర నల్లటి కొసలున్న వెంట్రుకలు జీను వేసినట్టు కమ్ముకుంటాయి. కళ్లు తేనెరంగు.

నక్క కాళ్లు ఒంటికి పొట్టి. పొట్ట కింద ఖాళీ తక్కువ కాబట్టి ఒళ్లు నేలకు దగ్గరగా, పొడుగ్గా సాగినట్టుంటుంది. మూతి సన్నగా కొసదేలి ఉంటుంది, తల చిన్నది కావడంతో చెవులు దాని మీద పెద్దవిగా తోస్తాయి. తోక పొట్టి: తలా ఒళ్లూ కలిపిన పొడవులో మూడో వంతు మాత్రమే. వీపు మీద నలుపూ గోధుమా తెలుపూ కలగలిసిన వెంట్రుకలు, పక్కలా కాళ్లూ పసుపెరుపు. తోక కొస నలుపే గాని తోడేలు తోక కొసా ముదురుగానే ఉంటుంది కనుక ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు.

ఎన్ని ఉన్నాయన్నది మంచి ఆధారం కాదు. తోడేళ్లు గుంపుగా, నక్కలు జంటగా తిరుగుతాయన్న మాట స్థూలంగా నిజమే. కాని గుంపు విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ తిరిగే వయసు తోడేలు ఒంటరిగానే ఉంటుంది, పిల్లలు పెరిగిన నక్కల కుటుంబంలో నాలుగయిదు కనిపించవచ్చు. నడవడిక కూడా అంతే. మనిషిని చూసి కొంతదూరం పోయి ఆగి వెనక్కి చూడటం నక్క అలవాటని చెబుతారు, తోడేలూ అలా చేస్తుంది.

పోలిక చూసి మోసపోయింది పల్లెవాళ్లూ పట్నంవాళ్లూ మాత్రమే కాదు. ఉత్తర, తూర్పు ఆఫ్రికాల్లో తిరిగే ఒక జంతువును శాస్త్రజ్ఞులు ఎంతోకాలం మన నక్కతో ఒకే జాతిగా లెక్కవేశారు. 2015లో వెలువడిన జన్యు అధ్యయనం అది నక్క కాదనీ, తోడేలుకు దగ్గరి వేరే జాతి అనీ తేల్చింది. దాన్ని ఇప్పుడు ఆఫ్రికా బంగారు తోడేలు అంటున్నారు. ఒకేలాంటి నేలల్లో ఒకేలాంటి తిండి తింటూ బతికే రెండు జాతులు ఒకేలాంటి ఒళ్లు తెచ్చుకున్నాయి. ఒక్క ఛాయాచిత్రం చూసి ఖాయంగా చెప్పేసే వాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది.

తోడేలూ ఊరకుక్కా

అసలు కష్టం ఇక్కడుంది. సినిమాల్లో, విదేశీ పుస్తకాల్లో కనిపించే మంచుకొండల తోడేలును మనసులో పెట్టుకున్నవాళ్లకు దక్కను తోడేలు తోడేలులాగే అనిపించదు. పలచని బొచ్చు, పొడుగాటి కాళ్లు, ఎముకలు తేలిన ఒళ్లు చూసి ఎవరిదో కుక్క తప్పించుకు వచ్చిందనుకుంటారు. బరువులో కూడా బలిష్ఠమైన ఊరకుక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు. గొర్రెల కాపరులు మాత్రం ఈ పొరపాటు చేయరు. మందతో పాటు ఏడాది పొడుగునా బయళ్లలో ఉండే వాళ్లకు అది నడిచే తీరు చూస్తేనే తెలిసిపోతుంది. బయల్లో పని నేర్చుకునేవాళ్లు ఏ పుస్తకం కంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

తోకతో మొదలుపెట్టాలి. తోడేలు తోక కిందికి వేలాడుతుంది, వెనకకాలి మడమ కీలు దాకా వస్తుంది. గుంపులో పెత్తనం చూపేటప్పుడు ఎత్తుతుంది గాని వీపు మీదికి చుట్ట తిప్పదు. తోక చుట్ట తిరిగి ఉంటే అది కుక్కే, లేదా దానిలో కుక్క రక్తం ఉంది. తోక మొదలుకు కాస్త దిగువన పైవైపు ఒక నల్లమచ్చ ఉంటుంది, అక్కడ వాసన గ్రంథి ఉంటుంది. తోడేలుకూ నక్కకూ గుంటనక్కకూ ఆ మచ్చ కనిపిస్తుంది, కుక్కల్లో చాలావాటికి కనిపించదు.

తలను పక్కనుంచి చూడాలి. తోడేలు నుదురు మూతిలోకి నున్నగా, కొద్దిపాటి వాలుతో దిగుతుంది. కుక్కకు కళ్ల మధ్య ఒక మెట్టు దిగినట్టుంటుంది. తోడేలు చెవులు ఎప్పుడూ నిలబడే ఉంటాయి, వంగిన చెవి కుక్కది. ఒంటి మీద విడివిడి తెల్లమచ్చలు, నల్లమచ్చలు, తెల్లటి కాలివేళ్లు, నుదుటి మీద తెల్లచార కుక్క గుర్తులు. వెనకకాలి లోపలివైపు పైన అదనపు గోరు వేలాడుతుంటే అది కుక్క రక్తానికి ఆధారం, తోడేలు వెనకకాలికి ఆ గోరు ఉండదు.

చివరికి నడక. తోడేలు నడకకూ పరుగుకూ మధ్యరకంగా, వీపు కదలకుండా, తల భుజాలకు సమంగా వంచి, ఒకే వేగంతో గంటల తరబడి సాగిపోతుంది. మోచేతులు రొమ్ముకు దగ్గరగా ఉంటాయి కాబట్టి అడుగులు దాదాపు ఒకే గీత మీద పడతాయి. ఊరకుక్క నడకలో ఆ పొదుపు లేదు. అటూ ఇటూ తిరుగుతుంది, ఆగి వాసన చూస్తుంది, వెనక్కి వస్తుంది. దూరం వల్ల చెవీ తోకా తెలియనప్పుడు కూడా ఈ నడక తెలుస్తుంది. అందుకే పైన చెప్పిన గుర్తులన్నింటిలో దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

రెండింటికీ పుట్టిన సంకరాలు కూడా ఉన్నాయన్నది ఇప్పుడు అనుమానం కాదు. పుణె పరిసరాల గడ్డిభూముల్లో తోడేలు గుంపుల మధ్య వింతరంగు జంతువులు తిరుగుతున్నాయని స్థానికంగా వాటిని గమనిస్తూ వచ్చినవాళ్లు గుర్తించారు. జన్యు పరీక్ష చేస్తే తోడేలు-కుక్క సంకరమేనని తేలింది. 2023లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. భారతదేశంలో జన్యుపరంగా రుజువైన మొదటి ఉదాహరణ అది. దానికి దారి చూపింది సామాన్య పరిశీలకుల జాగ్రత్త చూపే. ‘రంగు తేడాగా ఉంది, తోడేలు కాదేమో’ అని వదిలేసి ఉంటే ఆ సంగతి బయటపడేది కాదు. దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే మన తోడేలు ప్రపంచంలోని బూడిదరంగు తోడేళ్లలోకెల్లా పురాతనమైన శాఖల్లో ఒకటని 2021లో వచ్చిన జన్యు అధ్యయనం చెప్పింది. దేశంలో వాటి సంఖ్య సుమారు 3,100 అని 2022లో వెలువడిన అంచనా. ఊరకుక్కలు ఇంత ఎక్కువగా ఉన్న చోట అంత తక్కువ జంతువుల రక్తం కలిసిపోవడం నిజమైన ప్రమాదం. కనుక అనుమానపు జంతువు కనిపిస్తే ‘తోడేలు’ అనీ ‘కుక్క’ అనీ తేల్చేయకుండా, ఏ గుర్తు తోడేలుది, ఏ గుర్తు కుక్కది అన్నది విడివిడిగా రాయాలి.

రేచుకుక్క

పేరులో కుక్క ఉన్నా ఇది మిగతా వాటికి దూరపు చుట్టం. కువాన్ అనే ప్రజాతిలో బతికి ఉన్న జాతి ఇదొక్కటే. మూతి పొట్టి, దవడ బలమైనది, చెవులు కొస గుండ్రంగా ఉండి లోపల తెల్లటి వెంట్రుకలు నిండి ఉంటాయి. ఒళ్లు ఇటుకరంగు, గొంతూ రొమ్మూ పొట్టా తెల్లదనానికి దగ్గర. తోక కుచ్చుగా, చాలా భాగం నల్లగా ఉంటుంది. ఎర్రటి ఊరకుక్కకు తోకా ఎర్రగానే ఉంటుంది, అదీ సామాన్యంగా పైకి లేచి ఉంటుంది. ఎర్రటి ఒంటికి వేలాడే నల్లతోక ఉంటే రేచుకుక్క అని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు.

పగటి వేట, పెద్ద గుంపు, ఈల వంటి పిలుపు దీని ఇతర గుర్తులు. పొదల్లో చెదిరిపోయిన గుంపు మళ్లీ కలుసుకోవడానికి ఈల వేసుకుంటుంది. అడవిలో పగటిపూట ఆ ఈల వినబడి, దుప్పులు హెచ్చరిక కూతలు కూస్తుంటే చూడకుండానే రాసుకోవచ్చు. పుర్రె దొరికితే పళ్లు లెక్కపెట్టాలి. తోడేలుకు, నక్కకు, గుంటనక్కకు, కుక్కకు 42 పళ్లు. రేచుకుక్కకు కింది దవడలో రెండువైపులా చివరి దంతం లేదు, కాబట్టి 40.

గుంటనక్క

దీనిలో తికమక తక్కువ. ఒళ్లు చిన్నది, తోక పెద్దది. తోక పొడవు తలా ఒళ్లూ కలిపినదానిలో సగం దాటుతుంది, పరుగెత్తేటప్పుడు నల్లటి కొసతో వెనక సమంగా సాగి, మలుపు తిరిగినప్పుడల్లా పక్కకు విసురుతుంది. చెవులు పొడుగు, కొసదేలినవి, వెనకభాగం మెడ వెనక రంగులోనే ఉంటుంది. కాళ్లు సన్నం. దూరంగా కనిపించిన నక్కపిల్లను గుంటనక్క అనుకునే వీలుంది. అప్పుడు తోకే తీర్పు చెబుతుంది. మెట్టనేలలో ఒకేచోట నాలుగయిదు నోళ్లతో బొరియ, నోళ్ల ముందు కొత్తమట్టి, పేడపురుగుల రెక్కల ముక్కలు కనిపిస్తే అది దాని ఇల్లే.

దుమ్ములగొండి గురించి ఒక్కమాట చాలు. అది కుక్కజాతిది కాదు, పిల్లులకూ ముంగిసలకూ దగ్గరి వంశానిది. భుజాలు ఎత్తుగా, నడుం వెనక్కి వాలిపోయి ఉంటుంది, వీపు మీద జూలు, పక్కలా కాళ్లూ చారలు. చారలు కనబడని చీకట్లో కూడా ఆ వాలు కనబడుతుంది.

నేల మీది గుర్తులు

జంతువు కనిపించని రోజులే ఎక్కువ కాబట్టి అడుగుజాడలు చదవడం రావాలి. కుక్కజాతి జాడలో నాలుగు వేళ్లు, వాటి ముందు గోళ్ల గుర్తులు ఉంటాయి. పిల్లిజాతికి గోళ్లు సాధారణంగా పడవు, వెనక మెత్తకు వెనక అంచున మూడు తమ్మెలు తెలుస్తాయి. తోడేలు ముందుకాలి జాడ 8 సెంటీమీటర్లకు అటూ ఇటూ, నక్కది 5, గుంటనక్కది అంతకంటే చిన్నది. నక్క జాడకు ఒక ప్రత్యేక గుర్తు ఉంది: మధ్య రెండు వేళ్ల మెత్తలు వెనకవైపు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. సన్నటి ఒండ్రు మీద, చెరువు ఎండిన బురద అంచున అది స్పష్టంగా పడుతుంది. ఇసుకలో వెతికి లాభం లేదు.

తోడేలు జాడను పెద్ద కుక్క జాడ నుంచి ఒక్క అడుగు చూసి విడదీయడం దాదాపు అసాధ్యం. చేయవలసింది జాడల వరుసను పట్టుకుని వంద అడుగులు నడవడం. తోడేలు వెనకకాలు ముందుకాలు వేసిన చోటే పడుతుంది, వరుస దారంలా తిన్నగా సాగుతుంది. కుక్క వరుస వంకర్లు తిరుగుతుంది, వేళ్లు విచ్చుకుని పడతాయి, పక్కన చాలాసార్లు చెప్పుల జాడో గొర్రెల జాడో ఉంటుంది.

మలంలో రేగు గింజలు, పురుగుల పెంకులు, పీత ముక్కలు ఉంటే నక్కదో గుంటనక్కదో. వెంట్రుకలూ ఎముక ముక్కలే ఎక్కువైతే తోడేలు వైపు మొగ్గవచ్చు. అడవిదారులు కలిసేచోట ఒకే దగ్గర కుప్పలుగా ఉంటే రేచుకుక్కల గుంపు వాడే చోటు కావచ్చు. ఇవన్నీ మొగ్గులే, రుజువులు కావు. మలాన్ని చూసి జాతి చెప్పడంలో తలపండినవాళ్లూ తప్పుతారు, జన్యు పరీక్ష ఉన్నచోట దాని మాటే నిలుస్తుంది. వట్టి చేత్తో మాత్రం ముట్టుకోకూడదు, మనుషులకు సోకే బద్దెపురుగు గుడ్లు అందులో ఉండవచ్చు.

గొంతులు కూడా గుర్తులే. నక్కల ఊళ ఒకటి మొదలుపెట్టగా తక్కినవి అందుకుని, పైపైకి పాకి, చివరికి గజిబిజి అరుపుల్లో తెగిపోతుంది. తోడేలు ఊళ దీర్ఘంగా, నిలకడగా సాగుతుంది. గుంటనక్క వరుసగా పొట్టి పొట్టి అరుపులు అరుస్తుంది. ఊరకుక్కలు కూడా ఊళ వేస్తాయి, అయితే వాటి ఊళ మధ్యలో మొరుగుడు చొరబడుతుంది.

పిల్లలు, రాత్రి చిత్రాలు, రాసుకునే పద్ధతి

పసికూనల్ని చూసి జాతి చెప్పే ప్రయత్నం మానుకోవడమే మంచిది. తోడేలు, నక్క, రేచుకుక్క పిల్లలు పుట్టినప్పుడు ముదురు మసిరంగులో ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. చెరకు కోతల్లో, గుట్టల దగ్గర దొరికిన పిల్లల్ని కుక్కపిల్లలనుకుని ఇంటికి తేవడం వాటికి చావుతో సమానం. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, దొరికినచోటే వదిలి మనుషులు దూరం జరిగితే వచ్చి తీసుకుపోతుంది. దక్కను తోడేళ్లు అక్టోబరు చుట్టూ జతకట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఈనుతాయి కనుక చలికాలంలో గుట్టల మీద బొరియల దగ్గరికి అసలే పోకూడదు. బొరియల్లో పొగ పెట్టి పిల్లల్ని చంపిన చరిత్ర మన దేశంలో ఉంది. అందువల్ల బొరియ ఉన్న చోటును సామాజిక మాధ్యమాల్లో పెట్టడం నేరుగా ప్రాణహాని.

రాత్రి కెమెరా ఉచ్చులు తీసే చిత్రాల్లో రంగే ఉండదు, పరారుణ కాంతిలో అన్నీ బూడిదరంగే. కాళ్లూ తోకా దామాషా మీద ఆధారపడే పద్ధతి అక్కడే అన్నిటికన్నా బాగా అక్కరకొస్తుంది. కెమెరా బిగించిన రోజునే దాని ఎదురుగా, జంతువు నడిచే దారిలో, గుర్తులు గీసిన కొలకర్రను నిలబెట్టి ఒక చిత్రం తీసి పెట్టుకుంటే తరువాత వచ్చే ప్రతి చిత్రంలోనూ భుజం ఎత్తు కొలవడానికి వీలవుతుంది.

నమోదు పుస్తకంలో ముందు రాయవలసింది పేరు కాదు, చూసినది. చోటు, సమయం, వెలుతురు, దూరం, కాళ్ల తీరు, తోక ఎలా ఉంది, చెవులు, నడక, ఎటు పోయింది. ఇవి రాసిన తరువాత పేరు, పేరు పక్కన ‘ఖాయం’, ‘బహుశా’, ‘తేలలేదు’ అన్న మూడింటిలో ఒకటి. ‘తేలలేదు’ అని రాయడానికి సిగ్గుపడే పరిశీలకుడి పుస్తకంలో తప్పులు పెరుగుతాయి, అవే తప్పులు రేపు జిల్లా జాబితాల్లోకి ఎక్కుతాయి. తప్పు గుర్తింపుకు ప్రాణాలతో మూల్యం చెల్లించేది జంతువులే. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లాలో తోడేలు దాడుల్లో పిల్లలు చనిపోయారు, అటవీశాఖ తోడేళ్లను పట్టడానికి పెద్ద గాలింపు చేపట్టింది. అలాంటి భయం కమ్మిన రోజుల్లో సందె వేళ కదిలే నక్కైనా గుంటనక్కైనా తోడేలుగానే కనిపిస్తుంది, కర్ర దాని మీదికి లేస్తుంది. ఈ నాలుగు జంతువులకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కొట్టి చంపడం, పిల్లల్ని పెంచుకోవడం రెండూ నేరాలే.

పగటిపూట తూలుతూ, మనిషిని చూసి తొలగకుండా, నోట చొంగ కారుస్తూ తిరిగే జంతువు ఏ జాతిదన్నది ఆ క్షణంలో అనవసరం. రేబిస్ అన్ని కుక్కజాతులకూ వస్తుంది. దూరం జరిగి అటవీశాఖకూ పశువైద్యులకూ చెప్పాలి. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టాలి. కరిచింది తోడేలని తేలినా నక్కని తేలినా చికిత్సలో తేడా ఏమీ లేదు.